చివర మాట్లాడే దీవి

లువానో అనే దేశం ఒకటి ఉందని, ఆ దేశానికి ఉద్యోగిగా చేరిన రోజునే నాకు తెలిసింది. అది పదిహేనేళ్ళ కిందటి మాట. పజుండౌంగ్ వాగు పక్కన ఓడల ఏజెంటు ఊ తాన్ లిన్ గారి ఆఫీసులో టైపిస్టు కావాలంటే వెళ్ళాను. మేడ మీద ఒక గది, తలుపుకి ఇత్తడి పలక, లోపల బల్ల మీద అరచేతంత జెండా. ఊ తాన్ లిన్ గారు ఓడల వ్యాపారం చేసుకుంటూనే ఆ దేశానికి గౌరవ కాన్సల్ అట. అంటే జీతం లేని రాయబారి. జీతం లేకపోయినా కారుకి చిన్న జెండా, పెద్ద పెద్ద విందులకి పిలుపులు ఉండేవి. ఆ రెండూ ఉంటే ఆయనకి అన్నం కూడా అక్కర్లేదు.

గోడ మీది పటంలో ఆ దేశం పదకొండు చుక్కలు. చేటలో బియ్యం చెరిగితే మిగిలిన రాళ్ళలా సముద్రం మధ్యలో పడి ఉంటాయి. జనాభా పద్నాలుగు వేలు. అంత చిన్న దేశానికి మా రంగంలో ఆఫీసెందుకని మొదటి రోజే అడిగాను. ప్రభుత్వం దీన్ని యాంగోన్ అన్నా, ఇంగ్లీషువాళ్ళు రంగూన్ అన్నా, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా ముత్తాతలకి ఇది రంగం. మాకూ రంగమే. ఊ తాన్ లిన్ గారు ఓపికగా చెప్పారు. ఓడ యజమాని ఎక్కడో ఉంటాడు, ఓడ మాత్రం లువానో జెండా కట్టుకుని తిరుగుతుంది. అలాంటి ఓడలు రెండు వందల పైచిలుకు. వాటిలో పనిచేసే నావికుల్లో సగం మంది మన దేశం వాళ్ళు. వాళ్ళ పుస్తకాల మీద లువానో ముద్ర పడితేగాని ఓడ ఎక్కనివ్వరు. ఆ ముద్ర వెయ్యడమే నా పని.

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. ఏదైనా సంగతి సగం తెలిసి ఆగిపోతే అన్నం సయించదు. వచ్చిన ప్రతి నావికుడినీ లువానో చూశావా, ఎలా ఉంటుంది అని అడిగేదాన్ని. ఒక్కడూ చూడలేదు. ఆ జెండా కట్టిన ఓడలు ప్రపంచమంతా తిరుగుతాయిగాని ఆ దేశం వైపు మాత్రం పోవట. మా తమ్ముడు సైమన్‌ని కూడా ప్రతిసారీ అడిగాను. వాడు ఇంజను గదిలో ఫిట్టరు. పదేళ్ళు లువానో ఓడల్లోనే పనిచేశాడు. వాడు విసుక్కుని, ఇంజను గదికి కిటికీలు ఉండవని చెప్పాడు.

రెండు వేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో సైన్యం ప్రభుత్వాన్ని లాక్కుంది. అప్పటికే కరోనాతో విమానాలు లేవు. మార్చి సగానికి ఫోన్లలో ఇంటర్నెట్టు కూడా పోయింది. బ్యాంకుల ముందు తెల్లవారకుండానే వరసలు, వీధి మలుపుల్లో సైన్యానికి అడ్డంగా జనం పేర్చిన ఇసుక బస్తాలు. ఊ తాన్ లిన్ గారికి ఉన్నట్టుండి పంటి నొప్పి వచ్చింది. మింగళాడోన్ నుంచి ప్రత్యేక విమానంలో సింగపూరు వెళ్ళిపోయారు. పోతూ పోతూ సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు ఒక కట్ట, ముద్ర, గది తాళం నా చేతిలో పెట్టి, ఎవరేం అడిగినా కాన్సల్ గారు ఊళ్ళో లేరని చెప్పమన్నారు. ఎన్నో వేల మైళ్ళ అవతల ఉన్న ఒక దేశం నా సొరుగులోకి వచ్చి కూర్చున్నట్టయింది.

ఆ నెలలోనే సైమన్ మాయమయ్యాడు. వాడు మా వీధి చివర ఇసుక బస్తా ఎత్తుతున్న ఫొటో ఎవరో ఫేస్‌బుక్‌లో పెట్టారు. ముఖం స్పష్టంగా ఉంది. రెండుసార్లు సైనికులు మా ఇంటికి వచ్చి “కలా సైమన్ ఎక్కడ” అని అడిగారు. కలా అనేది మా జాతి వాళ్ళని ఇక్కడ పిలిచే పేరు, మర్యాదైన పేరేం కాదు. అయితే ఆ వెతుకులాటలో ఒక అదృష్టం ఉంది. మాలో చాలామందికిలాగే వాడికీ రెండు పేర్లు. ఇంట్లో, చర్చిలో సైమన్. నావికుడి పుస్తకంలో మౌంగ్ సో విన్. ఆ సో విన్‌ని ఎవరూ వెతకడం లేదు. ఏప్రిల్ తొమ్మిదిన తన్లిన్ దగ్గర రేవులో లువానో జెండా ఓడ ఎక్కమని సో విన్‌కి ఉత్తరువు వచ్చి ఉంది. ఆ ఓడ ఎక్కితే మా తమ్ముడు బతుకుతాడు, లేకపోతే ఇవాళో రేపో దొరికిపోతాడు. వాడు ఎక్కడ దాక్కున్నాడో నాకు చెప్పలేదు. నా నోటి సంగతి వాడికి తెలుసు.

మార్చి ఆఖరు వారంలో ఒక ఉదయం గదిలో ఫోను మోగింది. తీగ ఫోను, దాని మీద దుమ్ము కూడా తుడవడం మానేశాను. అవతల ఒక ఆడగొంతు, ఇంగ్లీషు. తాను లువానో విదేశాంగ మంత్రినని, పేరు ఆరోఫా అని చెప్పింది. కాన్సల్ గారు ఊళ్ళో లేరన్నాను. తెలుసని, ఆయన సింగపూరు నుంచి రోజూ ఉత్తరాలు రాస్తున్నారని, ఊళ్ళో ఉన్న మనిషితో మాట్లాడాలనే చేశానని ఆవిడ అంది. ఆ మాటకి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వెనకాల బిలబిలమని పిల్లల గోల. మంత్రిగారి ఇంట్లో ఇంతమంది పిల్లలేమిటని అడగకుండా ఉండలేకపోయాను. ఆవిడ నవ్వింది. వాళ్ళ దేశంలో విదేశాంగ మంత్రికి అంత పని ఉండదట, అందుకని హైస్కూలుకి పెద్ద టీచరు కూడా ఆవిడేనట.

సంగతి ఇదీ. ఆ సముద్రంలో ఎనిమిది చిన్న దేశాలు కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయి. ఒక్కొక్కరిగా ఎవరూ లెక్కచెయ్యరు కాబట్టి చేపలు, ఓడలు, నావికులు, అన్నిటికీ కలిసి ఒకే మాట చెబుతారు. ఆ కూటమి నావికుల సభలో తమ మనిషికి కుర్చీ ఇమ్మని ఇక్కడి కొత్త పాలకులు అడిగారు. ఇస్తే వీళ్ళని ప్రభుత్వంగా ఒప్పుకున్నట్టు. దానికి బదులుగా ఎనిమిది దేశాలకీ కలిపి మూడు వేల టన్నుల బియ్యం కానుక. కాదంటే ఆ రోజు నుంచే కూటమి జెండా ఉన్న ఏ ఓడకీ ఇక్కడి నావికులని ఎక్కనివ్వరు. ఆ చివరి వాక్యం ఆవిడ చదువుతుంటే గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. ఏడో తారీకున సభ. తొమ్మిదిన సైమన్ ఓడ.

నలుగురు ఇద్దామంటున్నారు, ముగ్గురు వద్దంటున్నారు, మా లువానో ఇంకా చెప్పలేదు అంది ఆవిడ. మరి మీ ఒక్కరి మాటతో అటో ఇటో అయిపోతుందా అని అడిగాను. అక్కడ చేతులెత్తించి లెక్కపెట్టరట. అందరూ ఒక్కొక్కరుగా మాట్లాడతారు, పెద్ద దీవి ముందు, చిన్న దీవి చివర. చివర మాట్లాడినవాళ్ళు అందరి మాటా విన్నారు కాబట్టి వాళ్ళు చెప్పిందే కూటమి మాట. వాళ్ళు “నా మాట అయింది” అనేదాకా సభ ముగిసినట్టు కాదు. ఎనిమిదింటిలో అందరికన్నా చిన్నది లువానో. నాకు ఇది భలే తమాషాగా అనిపించింది. మా దగ్గర పెద్దవాడు మాట్లాడాక చిన్నవాడు నోరెత్తితే చెంప పగులుతుంది.

ఆ తరవాత ఆవిడ రెండు రోజులకొకసారి చేసేది. ఒక ప్రశ్న ఆవిడ అడిగితే ఒక ప్రశ్న నేను అడిగేదాన్ని. వీధుల్లో కాల్పులు నిజమేనా, ఆసుపత్రులు నడుస్తున్నాయా, కానుక ఇచ్చేన్ని బియ్యం మీ దగ్గర మిగులుతున్నాయా అని ఆవిడ. మీరు ఏం తింటారు, వాన పడకపోతే నీళ్ళెక్కడివి అని నేను. వాళ్ళకి బియ్యం పండదట. ఆరు వారాలకొకసారి ఓడలో వస్తాయి. ముసలివాళ్ళు చేమదుంపలతో సరిపెట్టుకుంటారు గాని, పిల్లలకి బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టేది ఆ బియ్యంతోనే. తుఫానుకి పోయినేడాది రెండు ఓడలు రాలేదు. మూడు వేల టన్నుల్లో తమ వాటా అంటే ఆవిడ బడికి ఎన్ని సంవత్సరాల అన్నమో ఆవిడే లెక్కవేసి చెప్పింది. గొంతులో ఆశ దాచుకోలేదు. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

అలా మాటల్లోనే ఒకసారి మా గుప్పెడు బియ్యం గురించి చెప్పాను. మా తెలుగు బాప్టిస్టు ఆడవాళ్ళకి ముత్తవ్వల నాటి నుంచీ ఉన్న పద్ధతి అది. అన్నం వండేటప్పుడు బియ్యం కడగడానికి ముందు, ఆ పూట తినబోయే ఒక్కొక్క నోటికీ ఒక్కొక్క గుప్పెడు తీసి దేవుడి సంచిలో వేస్తారు. ఆదివారం సంచులన్నీ చర్చికి చేరతాయి, అక్కడి నుంచి లేనివాళ్ళకి పోతాయి. ఈ ఏడాది గుంపులుగా చేరకూడదన్నారు కాబట్టి నేనే సైకా రిక్షాలో ఇరవై మూడు ఇళ్ళూ తిరిగి తెస్తున్నాను. పాల డబ్బాతో కొలుస్తాను. ఒక నోటికి వారానికి రెండు డబ్బాలు అవుతాయి. మామూలుగా ఆదివారానికి రెండు వందల డబ్బాలు, ఒకటి అటూ ఇటూ. ఆవిడ ఇదంతా శ్రద్ధగా విని, వండని పూట కూడా వేస్తారా అని అడిగింది. వండనప్పుడు గుప్పెడు ఎక్కడి నుంచి వస్తుందండీ అన్నాను. నేను ఏదో ముచ్చట చెబుతున్నాననే అనుకున్నాను.

ఏప్రిల్ నాలుగు ఈస్టరు. ఆ రోజు జనం కోడిగుడ్ల మీద రంగులతో నినాదాలు రాసి గుమ్మాల్లో, గోడల మీద పెట్టారు. నేను సంచులు తెచ్చి మా వంటగదిలో కూర్చుని కొలిచాను. ప్రతి సంచీ తేలిపోతోంది. పని మానేసి సమ్మెలో ఉన్న ఇళ్ళు, పని పోయిన ఇళ్ళు, ఒక్క పూటే పొయ్యి వెలిగించే ఇళ్ళు. మొత్తం తొంభై మూడు డబ్బాలు. అన్నిటిలో ఒక్క సంచి మాత్రం బరువుగా ఉంది. అది విక్టోరియా అత్తది. ఆ ఇంట్లో ఉండేది ఆవిడా, మంచం పట్టిన వాళ్ళ అత్తగారూ. ఎప్పుడూ నాలుగు డబ్బాలు. ఈసారి ఆరు.

పదిసార్లు కొలిచినా ఆరే వచ్చింది. ఇక నాకు నిలకడ ఎక్కడిది. ఖాళీ సంచి తిరిగి ఇచ్చే వంకతో మధ్యాహ్నానికల్లా వాళ్ళ గుమ్మం ఎక్కాను. ఆ ఇంట్లో మూడో మనిషి ఎవరని అడిగాను. విక్టోరియా అత్త మొహం తెల్లబోయింది. తెర వెనక నుంచి మా తమ్ముడు బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి, చెంపలు లోపలికి పోయి ఉన్నాడు. వారం కిందటే అక్కడికి చేరాడట. వాడిని పట్టుకుని ఏడ్చాను, తరవాత వీపు మీద నాలుగు తగిలించాను. ఆ తరవాత అత్త మీద పడ్డాను. రాత్రి ఇంట్లో ఉండే ప్రతి మనిషి పేరూ వార్డు ఆఫీసులో రాయించాలని ఆర్డరు వేసిన రోజులవి. ఒక్క పేరు రాయించకుండా మనిషిని దాచిపెట్టి, వాడి గుప్పెడు మాత్రం తీసి సంచిలో వేస్తే, బియ్యం కొలిచేది నేను కాక ఇంకెవరైనా అయితే ఏమయ్యేది?

“మనిషినైతే దాసినాను గాని, దేవుడి గుప్పెడు ఎలాగ దాసేదే?” అంది అత్త. “ఆడు నా ఇంట్లో తిన్నాడు. తిన్న నోటికి తియ్యాలి కదా.”

మా వాళ్ళు తప్ప ఇలాంటి తప్పు భూమ్మీద ఇంకెవరూ చెయ్యరు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఇక నుంచి తియ్యొద్దని బతిమాలితే అత్త ఒప్పుకోలేదు. తీసింది వేరే చోట దాచి, గండం గడిచాక ఇస్తానంది. సరే అన్నాను.

సైమన్‌కి ఎనిమిది దేశాల సంగతి, బియ్యం కానుక, చివర మాట్లాడే దీవి, అన్నీ చెప్పాను. ఇక్కడ బియ్యం ఉన్నాయా లేవా అని ఆ మంత్రి నన్ను అడుగుతోందని కూడా చెప్పాను. వాడు చాలాసేపు తల వంచుకుని విన్నాడు.

“అక్కా, ఆ పద్నాలుగు వేలమంది కాదన్నంత మాత్రాన ఇక్కడ ఒక్క తుపాకీ దిగదు,” అన్నాడు. “ఔనంటే నాను ఓడెక్కుతాను. మన దగ్గిర బియ్యం బోల్డున్నాయని సెప్పీ. అదేటి పెద్ద అబద్దమా?”

ఇంటికి వస్తూ దారంతా అదే అనుకున్నాను. పెద్ద అబద్ధమేం కాదు. సింగపూరు నుంచి ఊ తాన్ లిన్ గారు కూడా ఫోనులో అదే చెప్పారు. పంట బ్రహ్మాండంగా ఉందని, ఇంతకుముందే ఆయన రాశారట, నన్ను కూడా అలాగే అనమన్నారు. ఆయన కారు జెండా ఆయనకి కావాలి, నా తమ్ముడు నాకు కావాలి. ఆవిడ పిల్లలకి అన్నం కూడా కావాలి. అందరికీ మంచిదే కదా, ఇందులో ఎవరికి నష్టమని నన్ను నేనే అడిగి, నేనే జవాబు చెప్పుకున్నాను. మంగళవారం సాయంత్రానికి అబద్ధం బాగా వంటపట్టింది. అద్దం ముందు ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పి చూసుకున్నాను కూడా.

బుధవారం ఏడో తారీకు ఉదయం తొమ్మిదింటికి ఫోను మోగింది. ఆవిడ బడి గదిలో తెర ముందు కూర్చుని ఉందట, కరోనా వల్ల సభ అంతా తెరల మీదే. ఏడుగురు మాట్లాడేశారు, ఇంకో గంటలో తన వంతు. చాలామందిని అడిగాను, కొందరు బియ్యం పుష్కలమన్నారు, కొందరు కరువన్నారు, ఎవరి లాభం వాళ్ళు చెబుతున్నారనిపించింది అంది. అందుకని నన్ను అభిప్రాయం అడగదలుచుకోలేదట. ఒక్క అంకె చాలట.

“మిస్ కెరెన్, మొన్న ఆదివారం గుప్పెడు బియ్యం ఎన్ని డబ్బాలు వచ్చాయి?”

నేను సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ అక్కడే ఆగిపోయాయి. పంట బాగుందని చెప్పగలను. దేశం చల్లగా ఉందని కూడా చెప్పగలను. ఇరవై మూడు మంది ఆడవాళ్ళు ఎసరు పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి, ఉన్నదాంట్లోంచి తీసిన గుప్పెళ్ళకి దొంగ లెక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండు వందలు అనాలనుకున్నాను. నిజంగా అనాలనే అనుకున్నాను.

“తొంభై మూడు,” అన్నాను.

నాకు ఏడుపు ఆగలేదు. మా తమ్ముడు శుక్రవారం ఓడ ఎక్కాలండీ, ఎక్కకపోతే వాడు నాకు దక్కడు అని చెప్పేశాను. ఫోను ఎవరైనా వింటారన్న భయం కూడా లేకపోయింది. ఆవిడ నెమ్మదిగా, మీ తమ్ముడిలాంటి వాళ్ళు మీ దగ్గర ఎంతమంది ఉన్నారు అని అడిగింది. ముద్ర కోసం వచ్చినవి, వాడిదానితో కలిపి, నా సొరుగులో నలభై ఒక్క పుస్తకాలు ఉన్నాయన్నాను. అవతల గంట మోగింది, పిల్లలు గోలగా బయటికి పరుగెత్తిన చప్పుడు వినిపించింది.

“నేను చివర మాట్లాడే మనిషిని,” అంది ఆవిడ. “మెల్లగా మాట్లాడతాను. మీ పని మీరు త్వరగా కానివ్వండి.”

ఆవిడ ఏం చేసిందో నాకు ఆ తరవాత తెలిసింది. బుధవారం తన వంతు రాగానే మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఎనిమిది దీవుల మధ్య మొదటి ఒప్పందం ఎప్పుడు జరిగిందో అక్కడి నుంచి ఎత్తుకుంది. చేపల హద్దుల గురించి రెండు దీవులు పడిన తగాదాలన్నీ సంవత్సరాలతో సహా చెప్పింది. చీకటి పడితే, నా మాట ఇంకా అవలేదు, రేపు చెబుతాను అంది. మర్నాడు కూడా అంతే. మా రంగం గురించి, తొంభై మూడు డబ్బాల గురించి చెప్పింది. నడుమ ఒక దీవి ప్రధానమంత్రి కోపంతో లేచి వెళ్ళిపోయి, భోజనం చేసి తిరిగి వచ్చి కూర్చున్నాడట. పద్ధతి పద్ధతే కాబట్టి ఆవిడని ఆపేవాళ్ళు లేరు. సభ ముగియలేదు కాబట్టి కూటమి కాదన్నట్టు కాదు. కాదనలేదు కాబట్టి ఇక్కడి రేవులో ఎవరూ ఎవరినీ ఆపలేదు.

నేను గురువారం పొద్దున్నే మౌంగ్ సో విన్ పుస్తకం తీసి ముద్ర వేశాను. ఫారం నింపాను. ఓడ ఏజెంటుకి కబురు పంపి, వ్యానులో ఒక సీటు చెప్పించాను. ఆ రెండు రోజులూ రేవులో మూడు లువానో ఓడలు ఉన్నాయి. వాటిలో మనుషులు చాలక కెప్టెన్లు ఫోన్ల మీద ఫోన్లు చేయించారు. కాన్సల్ గారు ఊళ్ళో లేరని చెప్పాను. అదేదో నా గొడవ కానట్టు చెప్పాను. నా బుర్రలో సైమన్ గడ్డం గీసుకున్నాడా లేదా, తన్లిన్ వంతెన మీద తనిఖీలో ఫొటో పోలుస్తారా అన్నదే తిరుగుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఓడ కదిలిందని ఏజెంటు చెప్పాడు. విక్టోరియా అత్త నా చేతులు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడిపోయింది. ఇద్దరం ప్రార్థన చేశాం. నాకు అంత సంతోషం జీవితంలో ఎప్పుడూ కలగలేదు. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను.

శనివారం ఆఫీసుకి వెళ్ళేసరికి ఫోను మోగుతోంది. ఆవిడ గొంతు పూర్తిగా పోయింది, గుసగుసలాగా వినిపించింది. శుక్రవారం సాయంత్రం “కుర్చీ ఇవ్వం, నా మాట అయింది” అనేసిందట. బియ్యం రావు. బడిలో సోమవారం నుంచి చేమదుంపలే. పిల్లలు అలుగుతారు, అలగనీ అంది. మీ దేశం వాళ్ళ నోటి దగ్గరి గుప్పెడు తీసుకొచ్చి మా పిల్లలకి పెట్టలేను కదా అని కూడా అంది. నాకు ఆవిడ కాళ్ళు కనబడితే మొక్కేదాన్ని. ఆ తరవాత ఆవిడ నేను ఊహించని ప్రశ్న వేసింది.

“రెండు రోజులు దొరికాయి. నలభై ఒక్క మందిలో ఎంతమందిని ఎక్కించగలిగారు?”

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సొరుగు వైపు చూశాను. ఆవిడ రెండు రోజులు నిలబడి గొంతు పోగొట్టుకున్నది నా తమ్ముడొక్కడి కోసం కాదు. మూడు ఓడలు రేవులో మనుషుల కోసం ఎదురు చూశాయి. ముద్ర నా చేతిలో ఉంది, సంతకాలు చేసిన ఫారాలు నా దగ్గర ఉన్నాయి. రెండు రోజులు పొద్దస్తమానం కూర్చుని ముద్రలు వేస్తే పది మందో, ఇరవై మందో ఎక్కేవారు. ప్రపంచంలో ప్రతిదాని గురించీ ఆరా తీసే నేను, ఆ రెండు రోజులు ఆ సొరుగు తెరిచి ఇంకో పుస్తకం మీద పేరేమిటో కూడా చూడలేదు.

“ఒక్కడిని,” అన్నాను.

ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది. ఆ తరవాత ఎప్పుడూ చెయ్యలేదు.

సోమవారానికి ఉత్తరువు వచ్చేసింది. కూటమి జెండాల కింద ఇక్కడి మనిషి ఒక్కడు కూడా ఓడ ఎక్కకూడదు. పొద్దున్నే నావికులు మేడ మెట్ల మీద వరసగా నిలబడ్డారు. నేను సొరుగు తెరిచి ఒక్కొక్కరి పేరూ పిలిచి ఎవరి పుస్తకం వాళ్ళకి ఇచ్చేశాను. నలభై పేర్లూ నాకు అప్పుడే తెలిశాయి. ఎవరూ గొడవ చెయ్యలేదు.

చివరన తన్లిన్ నుంచి ధర్మరాజు, అతని తల్లి లక్ష్మీనరసమ్మ వచ్చారు. నూనె శుద్ధి కార్ఖానాలో సమ్మె చేసి పని పోగొట్టుకున్న మనిషి అతను. అతని పేరు మీద కూడా వెతుకుతున్నారట. ఆవిడ పుస్తకం అందుకుని, కొంగుతో తుడిచి, కొడుకు చేతికిచ్చింది.

“మీ తమ్ముడు ఎల్లిపోనాడంట గదమ్మా,” అంది. “పోన్లే, ఒకలైనా గట్టెక్కినారు.”

నేను తలూపాను. ఆవిడ వెళ్ళబోయి మళ్ళీ నా వైపు తిరిగింది. మనసులో ఏమీ పెట్టుకోకుండా, తెలుసుకుందామన్నట్టే అడిగింది.

“అప్పుడు మావోడి పుస్తకం కూడా నీ కాడే ఉందేటమ్మా?”

“ఉంది పిన్నీ,” అన్నాను.

ఆవిడ సరేనని, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.